బోరులో దించితే రొద మొత్తం పోతుందా?

"భూకంపాల సెన్సర్‌ని బోరు వేసి లోపలికి దించితే రొద మొత్తం పోతుంది. ఎంత లోతైతే అంత మంచిది. భూకంపం ముందే తెలిసిపోతుంది. ఇక నేల మీద సెన్సర్లు దండగ." ఈ మాట ఈమధ్య తెగ తిరుగుతోంది. కొంత నిజం ఉంది కాబట్టే నమ్ముతున్నారు.

ముందు ఆ రొద సంగతి. లారీలు, గాలికి ఊగే చెట్లు, మనుషుల అడుగులు పుట్టించే కంపనాలు ఎక్కువగా నేల పైపొరల్లోనే పాకుతాయి. వాటి తరంగదైర్ఘ్యం ఎంతో, దాదాపు అంత లోతుకు వెళ్లేసరికి నీరసించిపోతాయి. సెకనుకు 10 సార్లు ఊగుతూ 500 మీటర్ల వేగంతో పోయే కంపనం తరంగదైర్ఘ్యం 50 మీటర్లు. 100 మీటర్ల బోరులో దాని జాడ పెద్దగా ఉండదు. కానీ సముద్రపు అలల వల్ల భూమి నిత్యం ఊగుతూనే ఉంటుంది, ఖండాల నడిబొడ్డున కూడా. 5 సెకన్లకోసారి వచ్చే ఆ ఊపు తరంగదైర్ఘ్యం సుమారు 15 కిలోమీటర్లు. దానికి 100 మీటర్లు ఒక లెక్కా?

లోతు ఒక్కటే చాలదు, కింద గట్టి రాయి తగలాలి. టోక్యో దగ్గర ఇవాత్సుకిలో 3,500 మీటర్లు దాటి దిగారంటే, అక్కడ మెత్తటి పొరలు అంత మందంగా ఉన్నాయి మరి. రాయి దగ్గర్లోనే ఉంటే అంత ఖర్చు ఎందుకు?

అసలు తంటా దించడంలో ఉంది. కేసింగ్ పైపుకీ రాతికీ మధ్య సిమెంటు సరిగ్గా పట్టకపోతే, సెన్సర్ పైపు ఊపునే కొలుస్తుంది. బోరు వంకరపోతే సెన్సర్ నిటారుగా కూర్చోదు. సెన్సర్ చుట్టూ గాలి తిరిగినా కొత్త రొదే, అందుకే చాలాచోట్ల ఇసుక పోసి బిగిస్తారు. పైగా కేబుల్‌తో దిగేటప్పుడు అది మెలి తిరుగుతుంది, ఉత్తరం ఎటో తెలియదు. ఉక్కు పైపులో దిక్సూచి పనికిరాదు. దిశ తెలిసిన ఇంకో సెన్సర్‌ని పైన పెట్టి, దూరపు భూకంపం తరంగాలను రెండిట్లోనూ పోల్చి సరిచేసుకోవాలి. దండగన్న ఆ పై సెన్సరే ఇక్కడ దిక్కు!

ఇక "ముందే తెలియడం". గట్టి రాతిలో మొదటి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. 100 మీటర్లు దిగితే కలిసొచ్చేది సెకనులో అరవయ్యో వంతు. అదీ భూకంపం మొదలయ్యాకే.

భూకంపాలను కొలిచే జపాన్ నెట్‌వర్క్ కిక్-నెట్‌లో ప్రతి కేంద్రంలోనూ బోరు అడుగున ఒకటి, నేల మీద ఒకటి పెట్టారు. అడుగున వచ్చిన ఊపును మధ్యలోని మట్టి ఎన్ని రెట్లు పెంచి పైకి పంపిందో ఆ రెండూ ఉంటేనే తెలుస్తుంది. భవనం కట్టే ఇంజనీరుకు కావలసింది ఆ లెక్కే.