గేదె బొమ్మలో ఉంది, స్టేట్‌మెంట్‌లో లేదు

చిత్రకళా ప్రదర్శనలకు వెళ్లేవారికి ఒక మనవి. ముందే బొమ్మ చూసెయ్యకండి. దాని పక్కన గోడకు అంటించిన కాగితం చదవండి. చిత్రకారుడు తన బొమ్మ గురించి తానే రాసుకున్న మాటలవి, ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ అంటారు దాన్ని. అది పూర్తయ్యేసరికి బొమ్మ చూసే ఓపిక ఎలాగూ ఉండదు, త్వరగా ఇల్లు చేరొచ్చు.

ఈమధ్య హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో గేదె బొమ్మ చూశాను. ఎడమ కొమ్ము విరిగింది, వీపు మీద బురద ఎండి పెచ్చులు లేచింది, కంటి కొసన ఈగ. తోకతో కొడుతుందేమోనని పక్కకు జరిగాను కూడా. జరిగితే కాగితం: ‘నా కళాసాధన ఉనికికీ లేమికీ మధ్యనున్న అంతరాళాన్ని ప్రశ్నిస్తూ, జ్ఞాపకపు బహుళ పొరల్లో దేహ రాజకీయాలను అన్వేషిస్తుంది.’ మళ్లీ మళ్లీ చదివాను. గేదె లేదు. కొమ్ము లేదు. కనీసం ఈగైనా వాలలేదు.

అంతలో పంచె కట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి చిత్రకారుణ్ణే అడిగేశారు.

‘‘ఇది ఎవరి గేదె బాబూ?’’

అలాంటి ప్రశ్న అక్కడ ఎవరూ అడగరు. కుర్రాడు బిత్తరపోయి, ‘‘అంటే సార్, ఈ కృతి లేమి తాలూకు...’’ అన్నాడు.

‘‘అది సరే, కొమ్మెలా విరిగింది?’’

‘‘అదొక విచ్ఛిన్నతకు...’’

‘‘పోట్లాడిందా?’’

కుర్రాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ‘‘మా అమ్మమ్మ వాళ్లదండీ. అమ్మేసిన రోజు లారీ ఎక్కనని మొరాయించింది. తాడేసి లాగితే తలుపుకు తగిలి విరిగింది. నేను అక్కడే ఉన్నాను.’’

‘‘మరి ఈ ముక్క రాయలేదేం?’’

‘‘ఇలా రాస్తే సీరియస్‌గా తీసుకోరండీ.’’

నిజమే మరి. చిత్రకారుడు తోట వైకుంఠంగారు ‘మా పల్లె ఆడవాళ్లనే వేశాను’ అంటారు. అంత తేలిగ్గా చెప్పేస్తే ప్రదర్శనలు ఏర్పాటుచేసే క్యూరేటర్లు ఏం తిని బతకాలి?

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మనిషి ముందు కూడా ఈ స్టేట్‌మెంట్ కోసం ఒక ఫారం పెట్టి, ‘మీ కాన్సెప్ట్ 200 మాటల్లో, ఇంగ్లీషులో’ అంటారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఆయన్ని నోటితో చెప్పమనండి. కరక్కాయ కలిపిన గేదెపాలలో గుడ్డను ఎందుకు నానబెట్టాలో, పాలలో కొవ్వు లేకపోతే గీత ఎలా పాకిపోతుందో చెబుతాడు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి ఊరితే నలుపు ఎలా దిగుతుందో, వెదురు పుల్లకు చుట్టిన ఉన్నిని ఎంత నొక్కితే గీత ఎంత లావొస్తుందో, స్వర్ణముఖి ఎండిపోతే గుడ్డలు ఉతకడానికి పడే పాట్లేమిటో చెబుతాడు. ఇంతకంటే స్పష్టంగా, ఇంతకంటే సొంతంగా చెప్పేవాడెవడు? అయినా అది స్టేట్‌మెంట్ కాదట! ఇంగ్లీషు వచ్చిన ఎవరికో డబ్బులిచ్చి ‘అంతరాళం’ రాయించుకొస్తే అప్పుడవుతుందట! సిగ్గుండాలి. పని చేసేవాడి నోరు నొక్కేసి, పైగా దానికి కళాపోషణ అని పేరు.

ఆ ఫారం తయారుచేసినవాళ్లను ఒక్కసారి ఆ ఇనుము, బెల్లం ఊరుతున్న కుండ మూత తీసి వాసన చూడమనండి. చూశాక 200 మాటలు రాయమనండి. ఇంగ్లీషులోనే.