పాత పెట్టె, కొత్త తుప్పు

మా ఇంటి కింద ఒక కోచ్ ఫ్యాక్టరీ ఉంది. న్యూజెర్సీలో బేస్‌మెంట్ ఉన్న తెలుగువాళ్ళు అందులో హోమ్ థియేటరో, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లో పెట్టుకుంటారు. నేను రైల్వే పెట్టాను. ఖలాసీ నుంచి జనరల్ మేనేజర్ దాకా పోస్టులన్నీ నావే కాబట్టి యూనియన్ గొడవలు లేవు. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు. ఈ ముక్కనే సంస్థ నినాదంగా గోడమీద రాయించాలని ఉంది గానీ, పెయింటర్ చేతినిండా పని. ఆ పెయింటర్ కూడా నేనే.

సంస్థ మూల సూత్రం పొదుపు. పాత బొమ్మ రైళ్ళ సంతలో, అట్టపెట్టె అడుగున చక్రం ఊడి పడి ఉన్న అమెరికన్ ప్యాసింజర్ పెట్టె 5 డాలర్లకే వస్తుంది. దాన్ని కోసి, అతికి, మన స్లీపర్ కోచ్‌గా మార్చుకుంటే కొత్తది కొనే ఖర్చు మిగిలినట్టే. ఇందుకు కావలసినవల్లా సన్నపళ్ళ రంపం, ప్లాస్టిక్ పట్టీలు, అతికించే ద్రావకం, పుట్టీ, ఎయిర్‌బ్రష్, దానికో కంప్రెసర్, లోహపు చక్రాలు, పెట్టెను పెట్టెకు తగిలించే కొత్త కప్లర్లు. పాత పెట్టెలకు కొమ్ముల్లాంటి ప్లాస్టిక్ కొక్కేలుంటాయి, ఇప్పటివాటికి మడిచిన వేళ్ళలాంటి కేడీ కంపెనీ కప్లర్లు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవు. మా చుట్టాల్లోనూ అలాంటి జంటలు ఉన్నాయి గానీ వాళ్ళకు స్పేర్ పార్టులు దొరకవు.

ఇక శాస్త్రం. హెచ్‌ఓ స్కేలంటే అసలులో 87వ వంతు. మన ఐసీఎఫ్ కోచ్, అంటే చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ రకం పెట్టె, పొడవు దాదాపు 21.3 మీటర్లు, అంటే నా బల్లమీద 24.5 సెంటీమీటర్లు రావాలి. 85 అడుగుల అమెరికన్ పెట్టె దాదాపు 30 వస్తుంది. మధ్యలో అయిదు సెంటీమీటర్ల పైచిలుకు కోసి పారేశాను. అమెరికా వచ్చి ఇన్నేళ్ళకు నేను చేయించిన మొదటి ఖర్చు తగ్గింపు ఇదే. వెడల్పు మాత్రం రెండు మిల్లీమీటర్లు తక్కువ, అది అతికితే వచ్చేది కాదు. పట్టాల సంగతి ఇంకా గుట్టు. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 దాటాలి. బజారులో దొరికే పట్టా 16.5. అసలు రైలు లెక్కలో చెప్పాలంటే జానెడు తేడా. జానెడు పోతే పోయిందని నేను సర్దుకుపోయాను, ప్రయాణికులెవరూ ఫిర్యాదు చేయలేదు.

బరువుకూ ధర్మశాస్త్రం ఉంది. అమెరికా మోడల్ రైల్‌రోడర్ల సంఘం 1935 నుంచీ ఉంది. వాళ్ళ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, దాని మీద ప్రతి అంగుళం పొడవుకూ అర ఔన్సు ఉండాలి. లేకపోతే మలుపులో తేలిపోయి పడుతుంది. నా పెట్టెకు 165 గ్రాములు తేలింది. కొలిస్తే 54 తక్కువ. దేశం నుంచి తెచ్చుకున్న పాత మందపాటి అయిదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు. ఆరు బిళ్ళలు నేలకు అతికించాను. ఆ కోచ్‌లో మనుషులు లేరు గానీ ముప్ఫై రూపాయలు మాత్రం టికెట్ లేకుండా ఎప్పుడూ తిరుగుతుంటాయి.

పాత రంగు ఊడదీయడానికి బిర్యానీ డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోసి పెట్టెను రాత్రంతా నానబెట్టాను. పొద్దున ఆ డబ్బా తెరిచింది నేను కాదు. ఆ విచారణ ఇంకా నడుస్తోంది కాబట్టి వ్యాఖ్యానించను.

అసలు దెబ్బ కిటికీల దగ్గర తగిలింది. అమెరికన్ కిటికీ బారెడు అద్దం. మనది చిన్నది, అడ్డంగా ఊచలు. పట్టీలతో చిన్నవి చేయబోతే ఒక్కోటి ఒక్కో దిక్కు చూసింది. నాలుగు వారాంతాలు పోయాక విసుగొచ్చి అన్నిటికీ పుట్టీ పెట్టి మూసేశాను. ఏమీ కనబడని పెట్టె తయారైంది. దాన్ని చూస్తూ కూర్చుంటే జ్ఞానోదయమైంది: ఇది స్లీపర్ కాదు, ఎన్‌ఎంజీ!

తెలియనివారికి చెబుతాను. 20 ఏళ్ళ పైబడ్డ ఐసీఎఫ్ కోచ్‌లను మన రైల్వే పారేయదు. సీట్లు, బెర్తులు పీకి, కిటికీలు, పక్క తలుపులు మూసేసి, రెండు చివర్లా తలుపులు పెట్టి, కార్లు ఎక్కించే బండిగా మారుస్తుంది. దాని పేరే ఎన్‌ఎంజీ. అంతకు ముందు వేసవి సెలవుల్లో మనల్ని అమ్మమ్మ ఊరికి మోసిన పెట్టే అది. 2020లో అయితే 5 వేలకు పైగా కోచ్‌లలో మధ్య బెర్తులు తీసి, కిటికీలకు దోమతెరలు కట్టి, ఒక మరుగుదొడ్డిని స్నానాలగది చేసి, కరోనా ఐసొలేషన్ వార్డులన్నారు. ఇవన్నీ ప్రభుత్వం చేస్తే విధానం. పుట్టీ డబ్బాతో నేను చేస్తే మాత్రం "ఆయనకు పనేం లేదమ్మా" అని ఫోన్లో చెప్పుకుంటారు. ఈ వివక్షను రైల్వే బోర్డు దృష్టికి తీసుకెళ్ళే ఉద్దేశం నాకుంది.

మా కళలో కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళుంటారు. ఇంగ్లీషు వాళ్ళు రివెట్లు లెక్కపెట్టేవాళ్ళంటారు. అలాంటి మిత్రుడొకరు వచ్చి, భూతద్దం పెట్టి, "ఇందులో ఒక్క రివెటూ లేదే?" అన్నాడు. ఐసీఎఫ్ డబ్బా అంతా వెల్డింగే, లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. పాపం, ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది ముసలితనం. కొత్త రంగుతో మెరిసే పెట్టెను ఎవరూ నమ్మరు. స్పిరిట్‌లో ఇండియా ఇంక్ చుక్కలు కలిపి మరకలు పెట్టాలి, సుద్దపొడితో దుమ్ము అద్దాలి, సందుల్లో తుప్పు రంగు పూయాలి. మూడు రాత్రులు పట్టింది. అప్పుడే లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మా మామగారు మెట్లు దిగి వచ్చారు. సన్న కుంచెతో నేను తుప్పు దిద్దుతుంటే చాలాసేపు చేతులు కట్టుకుని చూశారు.

"అల్లుడుగారూ, ఇదేంది?"

"తుప్పు, మామగారూ."

"డబ్బాలల్ల అమ్ముతరా?"

"చిన్న సీసా, ఆరు డాలర్లు."

"ముప్ఫై నాలుగేండ్లు తుప్పు గీకినందుకు నాకు జీతమిచ్చిండ్రు," అన్నారాయన, ఇంకేం అనలేదు. రాత్రి భోజనంలో కూడా అనలేదు.

పొద్దున కిందికి వెళ్ళాను. పెట్టె పట్టాల మీద కడిగిన ముత్యంలా ఉంది. పక్కన గిన్నెలు తోమే పీచు, ఆరబెట్టిన పాత బనియన్ గుడ్డ. పెట్టె చివర, అసలు కోచ్‌ల మీద రాసేచోటే, సన్నటి పెన్సిల్ అక్షరాల్లో పీఓహెచ్ (వర్క్‌షాపులో పూర్తి ఓవర్‌హాల్) తేదీ, మళ్ళీ షాపుకు రావలసిన తేదీ, కింద షాపు పేరు: బేస్‌మెంట్.