కరివేపాకు పురుగు గారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ కరివేపాకు పురుగు గారి దివ్యసముఖానికి, ఈ మిద్దెతోటకి యజమానినని చెప్పుకు తిరిగేవాడు రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. కుశలంగా ఉన్నది మీరొక్కరే. నిన్న సాయంత్రం దాకా గుబురుగా ఉన్న కొమ్మ తెల్లారేసరికి ఒట్టి ఈనెలతో నిలబడింది. కుండీ చుట్టూ నల్లటి గుళికలు. "మిద్దె మీద ఆవాలు ఒలకబోసిందెవరే?" అని మా అత్తగారు కేకలేశారు. అవి మీ రెట్టలని చెప్పేసరికి ఆవిడ చేతిలో చీపురు మారలేదు గానీ మొహం మారింది.

అయినా మీ వంశం గొప్పతనాన్ని ఒప్పుకోవాలి. మీ అమ్మగారు, అదే నిమ్మ సీతాకోకచిలుక, ముందుకాళ్ళతో ఆకును తట్టి రుచి చూస్తారు. నోటితో కాదు, కాళ్ళతోనే. ఇది మనకి తగిన సంబంధమే అని తేల్చుకున్నాక లేత చిగురు మీద ఒక్కో గుడ్డూ విడివిడిగా పెట్టిపోతారు. పక్కనే గులాబీ ఉంది, మందారం ఉంది, కన్నెత్తి చూడరు. కరివేపాకు, నిమ్మ, బత్తాయి, మారేడు... ఇలా నిమ్మ కుటుంబంలోనే ఎక్కువగా మీ రాకపోకలు. మా ఇంట్లో నన్ను కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెస్తాను. రుచి చూసే కాళ్ళు నాకూ ఉంటే ఈ మాటలు పడేవాణ్ణి కాదు.

మీ చిన్నతనం మరీ విడ్డూరం. నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చ, అచ్చం పిట్ట రెట్ట. పిట్టలు మిమ్మల్ని వదిలేస్తాయి సరే, రోజూ నీళ్ళు పోసే నేనూ మొహం చిట్లించుకుని వదిలేశాను. నాలుగోసారి కుబుసం విడిచాక గానీ మీరు ఆకుపచ్చ చొక్కా తొడుక్కోరు. అప్పటికి దాక్కునేందుకు చెట్టు మీద ఆకే మిగలదు. పుల్లతో కాస్త కదిపితే తల వెనకనుంచి నారింజరంగు కొమ్ముల జత ఒకటి బయటికి తీసి కంపు కొడతారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాం గానీ, వాసాలే తినేసి ఇంటివాడి మీద కొమ్ములు ఆడించేవాళ్ళని మీతోనే చూస్తున్నాం.

ఇక అసలు తగువు. ఈ ఆకు ఎవరిది?

మాకు కరివేపాకంటే ప్రాణం. పోపులో నాలుగు రెబ్బలు పడకపోతే చారు చారు కాదంటాం. పడ్డాక ఏం చేస్తాం? ఒక్కోటీ ఏరి కంచం అంచున పేరుస్తాం. ఉప్మాలోంచి ఆకు ఏరేటప్పుడు మా అబ్బాయి చూపించే శ్రద్ధ లెక్కల పుస్తకం మీద ఒక్కరోజు చూపిస్తే చాలని వాళ్ళమ్మ దేవుడికి మొక్కుకుంది. పని తీరాక వదిలేసిన మనిషిని "కూరలో కరివేపాకు" అని వెక్కిరించే జాతి మాది. మీరేమో ఒక్క ముక్క పారెయ్యకుండా నమిలి మింగుతారు. అయినా చెట్టు మాది, దొంగ మీరు. సర్దుకోవాలి మరి.

బజారులో కట్ట కొనుక్కోవచ్చు కదా అంటారేమో. మందులు దట్టంగా కొట్టిన కరివేపాకు వద్దనే కదండీ ఈ కుండీ పెట్టింది! అవశేషాలు మరీ ఎక్కువని యూరోపియన్ యూనియన్ వాళ్ళు మన కరివేపాకుని ప్రత్యేక తనిఖీల జాబితాలోకి ఎక్కించారు కూడా. వాళ్ళకి ల్యాబులు కావాలి. మా ఆవిడకి మీరు చాలు. ఇంటికి ఎవరొచ్చినా మిద్దె మీదికి తీసుకెళ్ళి, చిల్లులు పడ్డ ఆకు చూపించి, "చూశారా వదినా, చుక్క మందు కొట్టం, అందుకే పురుగు" అని మురిసిపోతుంది. వాళ్ళు మెట్లు దిగగానే స్ప్రేయర్ అందుకుంటుంది.

అందులో ఉండేది లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె. అది నీళ్ళలో కలవదు కాబట్టి కాస్త కుంకుడు రసం. దీనికి మీరు అక్కడికక్కడే పోరు, తిండి సహించదు, కుబుసం విడవలేక నీరసిస్తారు. ఇది మా సాత్విక పద్ధతి. ఆ వారం మా చారు కూడా వేపపువ్వు చారులానే ఉంటుంది, అది వేరే సంగతి. మిద్దెతోట గ్రూపులో ఫోటో పెడితే ఒకాయన వేపాకుతో చేసే నీమాస్త్రం అన్నారు, ఇంకొకాయన పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి గోమూత్రంలో కాచి అగ్నాస్త్రం వెయ్యమన్నారు, మూడో ఆయన ఏకంగా బ్రహ్మాస్త్రమే, అదీ ఒక ఆకుల కషాయం పేరేలెండి. పురాణాల్లో వీరులు ఆఖరి ఘడియ దాకా దాచుకున్న అస్త్రం, మా మిద్దె మీద వేలెడు పురుగు మీదికి! చేతులతో ఏరెయ్యండి అని ఒక పెద్దావిడ రాశారు. ఆ సలహాకి ఒక్క లైకూ రాలేదు.

మీ అమ్మగారు వచ్చినప్పుడు మాత్రం మర్యాదకి లోటు చెయ్యం. నలుపూ పసుపూ రెక్కలు, అడుగున ఎర్ర చుక్క. ఇంటిల్లిపాదీ ఫోన్లు తీసి వెంటపడతాం. "మన తోటకి అందమొచ్చింది" అని స్టేటస్ పెడతాం. ఆవిడ వచ్చింది పురిటికని చెప్పి వాళ్ళ ఆనందం చెడగొట్టేంత ధైర్యం నాకు లేదు.

కాబట్టి రాజీకి రండి. మూలనున్న నిమ్మ మొక్క మొత్తం మీదే. కొన్ననాటి నుంచీ కాయ కాసిన పాపాన పోలేదు, అడిగేవాళ్ళు లేరు. పుల్ల మీద ఎక్కించి నేనే దిగబెడతాను, కొమ్ములు బయటికి తియ్యకండి. అదీ చాలకపోతే పిట్టగోడ అవతల పక్కింటివారి బత్తాయి మహా ఏపుగా ఉంది. దారి నేను చూపించానని మాత్రం అనకండి.

ఇట్లు,
తమ ఎంగిలి తినే విధేయుడు

తా.క.: మందారం మీది పిండినల్లి గారికీ, ఆయన్ని మోసుకు తిరిగే చీమలకీ వేరే ఉత్తరం రాస్తున్నాను. అందులో "గారు" ఉండదు.