రిటైరైన చేతులకి గడువు అక్కర్లేదని ఎవరన్నారు?

"రిటైరయ్యారు కదా, ఇంక తొందరేముందండీ, తీరుబడిగా అల్లుకోండి." ఈ మాట ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ తీరుబడికి వదిలేసిన స్వెట్టర్ పూర్తవ్వదు. ఒడిశాలో మా కోరాపుట్‌లో రిటైరైన టీచరమ్మల ఇళ్ళల్లో ట్రంకుపెట్టె తీసి చూడండి, వీపు ముక్క అయిపోయి, ఒక చెయ్యి అయిపోయి, రెండో చెయ్యి సగంలో సూదికే ఉండిపోయిన స్వెట్టర్లు ఎన్ని ఉంటాయో! ఏ పిల్లాడి కోసం మొదలెట్టారో వాడికి ఇప్పుడు అది భుజాల దగ్గరే పట్టదు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నెలాఖరనీ, పరీక్షలనీ, మార్చి బిల్లులనీ ఎవరో ఒకరు మనకి తారీఖు పెట్టేవారు. ఇప్పుడు ఆ తారీఖు మనమే పెట్టుకోవాలి. ఒడిశాలో రిటైర్మెంటు వయసు 2014లో 58 నుంచి 60 చేశారు. రెండేళ్ళు జీతం ఎక్కువ వచ్చింది, మంచిదే, కానీ సూదిపని వాళ్ళకి ఆ రెండేళ్ళూ కంటిచూపులోంచి పోయాయి. నల్ల ఊలుకీ, ముదురు నీలం ఊలుకీ లైటు కింద కుట్టు కనపడదు, పొద్దున్న వరండాలోకి ఎండ వచ్చినంతసేపే ఆ పని. అలాంటప్పుడు మనకి టైము బోలెడు ఉందని ఎలా అంటారు?

నేను పెట్టుకునే గడువు ప్రథమాష్టమి. మన పంచాంగం ప్రకారం కార్తీక బహుళాష్టమి, ఒడియావాళ్ళ లెక్కలో మార్గశిరం. ఇంట్లో పెద్దబిడ్డకి మేనమామ ఇంటి నుంచి కొత్తబట్టలు వస్తాయి, పసుపాకుల్లో ఎండూరి పిఠా అనే పిండివంట ఉడుకుతుంది. ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న మన తెలుగువాళ్ళిళ్ళల్లో కూడా చాలామంది చేసుకుంటారు. ఈ కొండల మీద చలి ముదిరేదీ అప్పుడే, అంటే స్వెట్టర్ ఇచ్చిన రోజు నుంచే ఒంటిమీద ఉంటుంది.

అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. అల్లడం అవ్వగానే పని అయిపోయినట్టు కాదు. ముక్కలు కలిపి కుట్టాలి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నీళ్ళు లాగేసి, నేలమీద పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేస్తే బరువుకి సాగిపోతుంది. కోరాపుట్ వానల్లో ఊలు ఆరదు, ముక్కిపోయిన వాసన వస్తుంది, అందుకని ఈ తడిపి ఆరబెట్టడమంతా వానలు వెనకబట్టాకే. కాబట్టి సూది పని దసరాకల్లా అయిపోవాలి, అంటే రెండో చెయ్యి వినాయకచవితికి మొదలైపోయి ఉండాలి. నా మట్టుకు ఆ రెండో చెయ్యికే విడిగా తారీఖు రాసుకుంటాను, ఎందుకంటే పని ఆగిపోయేది ఎప్పుడూ అక్కడే.

ఇంకో సంగతి. మన గడువు వేరు, ఊళ్ళోవాళ్ళు మన నెత్తిన పెట్టే గడువు వేరు. "వచ్చే నెల మా కోడలి సీమంతం, ఒక శాలువా అల్లెయ్యరూ పిన్నిగారూ, ఊలు డబ్బులు మేమే ఇస్తాం" అంటారు. ఊలుకి ధర ఉంది, మా వేళ్ళ నొప్పికి లేదా? ఇలాంటివాటికి నేను కుదరదని మొహం మీదే చెప్పేస్తాను. పెన్షన్ వస్తున్నంత మాత్రాన మా పొద్దుటిపూటలు ఊరందరివీ అయిపోవు.

ఈ వయసులో గడువుల టెన్షన్ ఎందుకు అంటారా, అసలు టెన్షన్ ఆ ట్రంకుపెట్టెలో ఉంది. మోకాళ్ళో, మణికట్టో మొరాయిస్తే తారీఖు జరపండి, ఎవరడుగుతారు? పాతది కొట్టేసి పక్కనే కొత్తది రాయండి, అంతేగానీ ఖాళీగా వదలకండి.

ఈసారి చలికి ఎవరికైనా అల్లాలనుకుంటే ఊలు మొత్తం ఒకేసారి కొనెయ్యండి, లేబుల్ మీద లాట్ నంబరు, అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబరు, అన్ని ఉండలకీ ఒకటేనా అని చూసుకుని మరీ. తర్వాత కొందాంలే అనుకుంటే అదే రంగులో రెండో లాట్ ఓ పిసరు తేడా వస్తుంది, ఆ తేడా సరిగ్గా ఛాతీ మీద చార కడుతుంది.