మోడల్ ఫ్లాట్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ మోడల్ ఫ్లాట్ గారికి,

ఉభయకుశలోపరి. మేం ఇంకా అద్దె ఇంట్లోనే క్షేమంగా ఉన్నాం. తమరి క్షేమం అడగక్కర్లేదు. పట్టపగలు పదకొండింటికి కూడా లైట్లన్నీ వెలిగించుకుని, 18 డిగ్రీల ఏసీలో, మల్లెపూల స్ప్రే కొట్టించుకుని ఉంటారు. కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకునే పని మీకెప్పుడూ పడలేదు.

ఈ మధ్య ఆదివారం వస్తే చాలు, ఇల్లు కొందామని మా ఇంటిల్లిపాదీ, బిల్డర్లు మచ్చుకు ముస్తాబు చేసి చూపించే మీ వంశస్తుల దర్శనానికే బయల్దేరుతున్నాం. హైదరాబాద్ తెల్లాపూర్‌లో ఒకరు, నార్సింగిలో ఒకరు, బాచుపల్లిలో ఒకరు. అందరిదీ ఒకటే పోలిక. గోడకు ఎవరో తెల్లవాళ్ళ కుటుంబం ఫొటో, టీపాయ్ మీద ప్లాస్టిక్ యాపిల్స్, అరలో అట్టలే తప్ప కాగితాలు లేని పుస్తకాలు. మా నాన్న టీవీ పెడదామని రిమోట్ కోసం వెతికారు. తీరా చూస్తే ఆ టీవీ కూడా అట్టే.

మాస్టర్ బెడ్‌రూమ్ అంత విశాలంగా ఎందుకుందా అని చాలాసేపు మురిసిపోయాను. కిటుకు మంచంలో ఉంది. మా ఆవిడ జానలతో కొలిస్తే పొడవు ఏడు జానలు వచ్చింది. దానిమీద కాళ్ళు చాపుకుని పడుకోవాలంటే మనిషి ఏడో తరగతి దాటి ఉండకూడదు. గదులకు తలుపుల్లేవు, ఎందుకంటే తలుపు తెరుచుకోవడానికి జాగా కావాలి, ఆ జాగానే మీరు మాకు చూపించి ఆశపెడుతున్నారు. హాల్లో ఒక గోడ మొత్తం అద్దం. మేం ఐదుగురం పదిమందిమయ్యాం, హాలు రెండు హాళ్ళయింది.

అసలు సంగతి వంటింట్లో ఉంది. చిమ్నీ గురించి సేల్స్ కుర్రాడు చెబుతుండగానే మా అమ్మ అడ్డుతగిలింది.

"గ్రైండర్ ఎక్కడ పెట్టాలి బాబూ?"

"యుటిలిటీలో అమ్మా" అంటూ వంటింటిని ఆనుకున్న చిన్న జాగా చూపించాడు.

"మరి వాషింగ్ మెషిన్?"

"అదీ యుటిలిటీలోనే."

"అంట్లు ఎక్కడ తోముకుంటారు?"

"యుటిలిటీలో."

"బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారు?"

కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ యుటిలిటీలో ప్రస్తుతం మీరొక వెదురు మొక్కను పెట్టుకున్నారు. దాని పక్కన మా అమ్మ నిలబడితే నేను బయటే ఆగాల్సొచ్చింది.

బియ్యం డబ్బా, ఆవకాయ జాడీలు, పండక్కి తప్ప దించని ఇత్తడి గంగాళం, పెళ్ళినాటి సూట్‌కేసు... వీటిలో దేనికీ మీ దగ్గర చోటు లేదు. ఎండుమిరపకాయలు తాళింపు వేస్తే ఆ ఘాటు ఎటు పోతుందో మీకు తెలీదు. మీ పొయ్యికి గ్యాసే లేదు. పూజగదిలో ప్రమిద బ్యాటరీ మీద వెలుగుతోంది. మసి అంటే ఏమిటో ఎరగని వినాయకుణ్ణి మొదటిసారి మీ ఇంట్లోనే చూశాను.

తక్కువ చేసి మాట్లాడుతున్నానని కోపం తెచ్చుకోకండి. తమరు చట్టానికెక్కినవారు. బిల్డర్లను అదుపులో పెట్టే 2016 రెరా చట్టం 12వ సెక్షన్‌లో ప్రకటనలు, ప్రాస్పెక్టస్‌ల సరసన మోడల్ అపార్ట్‌మెంటుకూ చోటు దక్కింది. అందులో చూపిన తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి బిల్డరు పరిహారం ఇవ్వాలి. ఫ్లాటు వద్దనుకుంటే కట్టిందంతా వడ్డీతో వెనక్కివ్వాలి. అందుకేనేమో, చెప్పుల స్టాండు వెనకాల, వంగితే తప్ప కనపడని బోర్డొకటి పెట్టారు: "ఫర్నిచర్, ఫాల్స్ సీలింగ్, లైట్లు, వార్డ్‌రోబ్‌లు ధరలో కలవవు." అవన్నీ తీసేస్తే మీలో మిగిలేది మా అద్దె ఇల్లే కదండీ!

కార్పెట్ ఏరియా, అంటే ఇంట్లో మనం వాడుకునే నేల, ఎలా లెక్కేయాలో కూడా ఆ చట్టమే చెప్పింది. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. లోపలి గోడల మందం మాత్రం వస్తుంది. గోడ కింద తివాచీ ఎలా పరుస్తారని అడక్కండి. సేల్స్ కుర్రాడి లెక్క వేరు. లిఫ్టు, మెట్లు, కారిడార్, క్లబ్‌హౌస్‌లో వాటా అన్నీ కలిపి 1,650 ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగులు) అంటాడు. "కార్పెట్ ఎంత?" అంటే "కాఫీ తీసుకుంటారా సార్?" అంటాడు. పైగా మీరు తయారై కూర్చున్నారు గానీ మేం కొనబోయేది ఇంకా పిల్లర్ల దశలోనే ఉంది. దానికి 5 శాతం జీఎస్టీ అదనం. ఓసీ, అంటే ఇంట్లో చేరొచ్చని అధికారులిచ్చే పత్రం, వచ్చాక కొంటే ఆ పన్ను ఉండదు. అయితే అప్పటికి నేరుగా అసలు ఫ్లాటే చూసుకోవచ్చు, మీతో పనేముంది?

మీ శిష్యులు కూడా ఎక్కువైపోతున్నారు. కూకట్‌పల్లిలో ఒక పాత ఫ్లాటు అమ్మకానికుందంటే వెళ్ళాం. కింద పార్కింగ్‌లో గ్రైండరు, ఇస్త్రీ బల్ల, వాలుకుర్చీ కనిపించాయి. వాలుకుర్చీలో ఆ ఇంటి తాతగారు పేపరు చదువుకుంటున్నారు. "ఇల్లు చూడ్డానికొచ్చారా? మీరు వెళ్ళేదాకా నన్ను కిందే ఉండమన్నారు" అన్నారు. పైన హాలు బోసిగా, శుభ్రంగా, మీ ఫొటో చూసి సర్దినట్టుంది. ఒక గోడకు మాత్రం పచ్చి పెయింటు వాసన, దాని మీద పెద్ద వేంకటేశ్వరస్వామి క్యాలెండరు. ఎంత గట్టి బేరగాడైనా స్వామివారిని పక్కకి జరిపి చూడడని వాళ్ళకి బాగా తెలుసు. దిగి వస్తుంటే తాతగారు పేపరు మడిచి, "వానాకాలంలో ఒకసారి వచ్చి చూడండి నాయనా" అన్నారు. ఇన్ని ఇళ్ళు తిరిగినా మాకు పనికొచ్చే ముక్క చెప్పింది ఆయనొక్కరే. ఆయన్నేమో కింద దాచారు.

ఒక్క విన్నపం. ప్రాజెక్టులో ఫ్లాట్లన్నీ అమ్ముడయ్యాక చాలాచోట్ల మిమ్మల్ని కూడా అమ్మేస్తుంటారు. అప్పటికీ మాకు ఇల్లు దొరక్కపోతే, మీ ఫర్నిచరంతా తీయించేసి, తలుపులు బిగించి, ధర తగ్గించి కబురు పెట్టండి. ఆ వెదురు మొక్కను కూడా తీసేయండి. అక్కడ గ్రైండర్ పెట్టాలి.

ఇట్లు,
మీ సోఫాలో కాసేపు కూర్చున్నందుకు "సార్, అది డిస్‌ప్లే పీస్" అనిపించుకున్న
విధేయుడు