చిన్నాయన ఆగినాడు

మా కర్నూలు 1953 అక్టోబరు నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. తర్వాత హైదరాబాదుకు పోయింది. ఆ మూడేళ్ల వైభోగంలో మాకు మిగిలినవి ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు. ట్రాఫిక్కుకు మటుకు రాజధాని పోయిన సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. సాయంత్రం ఆరింటికి రాజ్‌విహార్ సెంటర్లో నిలబడి చూడండి, ముఖ్యమంత్రిగారు ఇంకా ఇక్కడే ఉంటున్నారేమో అనిపిస్తుంది.

సిగ్నల్‌కు రంగులు మూడే అయినా మా ఊర్లో వాటికి అర్థాలు నాలుగు. పచ్చ పడితే పోవచ్చు. పసుపు పడితే ఇంకా గట్టిగా పోవచ్చు. ఎరుపు పడి పోలీసు ఉంటే ఆగాల. ఎరుపు పడి పోలీసు లేకపోతే, అటూ ఇటూ ఒకసారి చూసి, ఏదో బాధ్యత తీర్చుకున్నట్టు మొహం పెట్టి పోవాల. ఎర్రలైటు పక్కన అంకెలు తగ్గుతుంటాయి చూడండి, అవి పదికి దిగేసరికి ఇంజన్లు గుర్రుమంటాయి, ఐదు దగ్గర హారన్లు మొదలవుతాయి, మూడు దగ్గర ముందు వరస కదిలిపోతుంది. సున్నాను కళ్లారా చూసినవాడు మా ఊర్లో లేడు.

ఇట్లాంటి ఊర్లో మా చిన్నాయన సైకిల్ కొన్నాడు.

ఆయన ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. షుగరు వచ్చింది. డాక్టరు రోజూ సైకిల్ తొక్కమన్నాడు. అంతవరకైతే ఫర్వాలేదు. ఖర్మ కొద్దీ అదే నెలలో మనవరాలు డ్రైవింగ్ లైసెన్సుకు ముందు రాసే ఎల్.ఎల్.ఆర్. పరీక్షకు తయారవుతూ, తాతను పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడిగించుకుంది. పరీక్ష ఆ పిల్ల రాసింది, పాసైంది. రోగం ఈయనకు పట్టుకుంది.

మొదటి పాఠం వంటింట్లో జరిగింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. కడప బండ మీద టమాటా, దాని కింద నిమ్మకాయ, దాని కింద పచ్చిమిరపకాయ నిలువుగా పేర్చినాడు. ఎదురుగా పిండితో ఒక గీత గీసినాడు.

"ఇది స్టాప్ లైను. టమాటా పడితే ముందు చక్రం ఈ గీతకు ఇవతలే ఉండాల. గీత మీద కాదు, గీత దాటి జీబ్రా మీద అసలే కాదు. జీబ్రా నడిచేవాళ్లది. రంగులు సరిగ్గా కనపడనివాళ్లు కూడా ఉంటారని ఎరుపు ఎప్పుడూ పైన, పచ్చ ఎప్పుడూ కింద పెడతారు. స్థానం చూసి గుర్తుపట్టొచ్చు."

"నిమ్మకాయకు?" అన్నాను.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అందరూ తప్పేది అక్కడే. పసుపంటే తొందరగా పొమ్మని కాదు, ఆగమని. మరీ గీత దగ్గరికి వచ్చేసి, ఇప్పుడు బ్రేకు కొడితే వెనకవాడు గుద్దుతాడు అనుకున్నప్పుడు మటుకే దాటిపోవచ్చు. లెక్క చెప్తా విను. గంటకు ముప్పై ఆరు కిలోమీటర్లంటే సెకనుకు పది మీటర్లు. పసుపు కన్ను చూసి, బుర్ర ఒప్పుకుని, చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఒక సెకను. అంటే నువ్వు ఆగాలని అనుకుంటుండగానే బండి పది మీటర్లు పోయింది. పసుపు ఉండేది మామూలుగా మూడు సెకన్లు. అది మీరంతా అనుకునేట్టు ఎరుపు పడేలోపల దూరిపోయేదానికి ఇచ్చిన గడువు కాదు, కూడలి మధ్యలో ఉన్నవాడు బయటపడేదానికి ఇచ్చింది."

"మరి సిగ్నల్‌లో పసుపు ఒకటే ఆరి వెలుగుతుంటే?"

"వేగం తగ్గించి చూసుకుని పోవాల. ఎరుపు ఆరి వెలుగుతుంటే పూర్తిగా ఆగి, చూసుకుని, అప్పుడు పోవాల. ఎడమకు తిరగడం ఎప్పుడూ ఫ్రీ అనుకుంటారు, అదీ తప్పే. అక్కడ బోర్డో బాణమో ఉంటేనే..."

ఇంతలో చిన్నమ్మ వచ్చి పచ్చిమిరపకాయ తీసుకుని, నిలువుగా చీల్చి, శనగపిండిలో ముంచి నూనెలో వేసింది.

"గ్రీన్ పోయింది కదే!" అన్నాడు చిన్నాయన.

"ఉగ్గానిలోకి బజ్జీ వద్దా?" అంది చిన్నమ్మ. పాఠం అక్కడ ఆగింది.

అసలు సంగతి ఆ తర్వాతి ఆదివారం పొద్దున జరిగింది. ఆదివారం ఉగ్గాని లేకపోతే కర్నూల్లో తెల్లారినట్టు కాదు. ఉగ్గాని చేసేదానికి ఇంట్లో బొరుగులు అయిపోయాయి. చిన్నాయన సైకిలేసుకుని బయల్దేరాడు. వచ్చేవారం బంధువులు వస్తున్నారని చిన్నమ్మ చెప్పిందో, సగం ధరకు ఇస్తానని అంగడివాడు అన్నాడో గానీ, దిండంత కవరు నిండా బొరుగులు కొని వెనక క్యారియర్ మీద పురికొసతో అడ్డంగా కట్టుకున్నాడు. అటూ ఇటూ జానెడు జానెడు బయటికి వచ్చింది.

నేను కూడలిలో టీ బంకు దగ్గర నిలబడి ఉన్నాను. ఏ కూడలి అని అడక్కండి. మా ఊర్లో అన్నీ ఒకటే.

పసుపు పడింది. చిన్నాయన బ్రేకులు నొక్కినాడు. ఎరుపు పడింది. సరిగ్గా గీతకు ఇవతల ముందు చక్రం పెట్టి, ఎడమ కాలు కింద ఆనించి, చూపు లైటు మీద పెట్టి నిలబడినాడు. ఎదురుగా రోడ్డు ఖాళీ. పోలీసు కనపడలేదు.

వెనక షేర్ ఆటో వచ్చి ఆగింది. ఆగింది అనడం కంటే ఆపించబడింది అనాల.

"ఏమైంది సార్? చైన్ పడిందా?"

"లేదు నాయనా. సిగ్నల్ పడింది."

ఆటో డ్రైవరు తల బయటపెట్టి సైకిల్ కేసి చూసినాడు, లైటు కేసి చూసినాడు, మళ్లీ సైకిల్ కేసి చూసినాడు. రెండిటికీ సంబంధం కుదిరినట్టు లేదు.

"సైకిలుకు సిగ్నలేంది సార్? సైకిలుకు నంబరే ఉండదు!"

చిన్నాయన వెనక్కి తిరక్కుండానే మొదలుపెట్టినాడు. "మోటారు వాహనాల చట్టం నూట ఎనభై నాలుగో సెక్షను. ఎర్రలైటు దాటడం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికే వస్తుందని 2019లో సవరణ చేసినారు. మొదటిసారి పట్టుబడితే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, కాదంటే రెండూ. నా సైకిలుకు ఇంజను లేదు కాబట్టి ఆ సెక్షను నాకు పట్టదు, నిజమే. నీకు పడుతుంది. లైటు మటుకు ఇద్దరికీ ఒకటే. నన్ను గుద్దేవాడు నాకు ఇంజను లేదని మెల్లగా గుద్దడు కదా!"

ఆటోలో ఒకామె "అయ్యో, పెద్దాయన ఏదేదో మాట్లాడుతున్నాడే" అంది. ఆ ఒక్క ముక్కతో కథ మలుపు తిరిగింది.

వెనక బుల్లెట్టు మీదున్నాయనకు సగమే వినపడింది. "పెద్దాయనకు ఏమో అయిందంట" అన్నాడు. దాని వెనక స్కూటీకి చేరేసరికి అది కళ్లు తిరగడం అయింది. లగేజీ ఆటో దాకా పోయేసరికి గుండెనొప్పి అయింది. ఎవరో దిగి "జరగండి, గాలి ఆడనీండి!" అంటూ చుట్టూ మూగినారు. టీ బంకు పక్కనున్న సోడా బండి అతను గోళీసోడా కొట్టి పరిగెత్తినాడు. ఒక కాలేజీ పిల్లోడు బైకు స్టాండు వేసి వచ్చి చిన్నాయన హ్యాండిల్ పట్టుకుని, "భయపడకండి తాతా, నేను దాటిస్తా" అని ముందుకు తోసినాడు.

"వద్దు నాయనా! గీత! గీత!"

"గీతనా? మీ కూతురా తాతా? ఫోన్ నంబరు చెప్పండి."

పిల్లోడు ముందుకు తోస్తాడు, చిన్నాయన రెండు బ్రేకులూ పట్టుకుని వెనక్కి లాగుతాడు. ముందు చక్రం గీత మీదికి రావడం, వెనక్కి పోవడం, మళ్లీ రావడం. ఈలోపు సోడా అతను గ్లాసు మూతికి పెట్టినాడు. నేను పరిగెత్తుకుంటూ పోయి, "ఆయనకేం కాలేదన్నా, సిగ్నల్ కోసం ఆగినాడు" అని చెప్పినాను. ఒక్కడూ నమ్మలేదు. "నువ్వు ఆయనకు ఏమవుతావు? కొడుకువై ఉండి ఇట్లా ఒంటరిగా వదిలేస్తే ఎట్ల?" అని బుల్లెట్టాయన నన్నే నిలదీసినాడు.

ఇంకా ఎంతసేపు చూస్తాడు ఆటో డ్రైవరు? సందు చూసి ఎడమ పక్కనుంచి దూర్చినాడు. మనుషులను తప్పించుకున్నాడు, సైకిలునూ తప్పించుకున్నాడు. జానెడు బయటికి ఉన్న కవరును మటుకు చూడలేదు. ఆటో పక్క కమ్మీకి తగులుకుని కవరు బర్రున చినిగింది.

బొరుగులు కింద పోసినట్టు పడవు, తెలుసు కదా. మొదట ఒక ధార. తర్వాత గాలి. జీబ్రా తెల్లగీతలు ఏవో, బొరుగులు ఏవో తెలియకుండా కూడలి సగందాకా పరుచుకున్నాయి. పురికొస మాత్రం వేసిన ముడి వేసినట్టే ఉంది.

సరిగ్గా అప్పుడు పచ్చ పడింది.

"ఇప్పుడు పోండి, పోండి!" అన్నాడు చిన్నాయన, ఎంతో న్యాయంగా.

ఎవరు పోతారు? డివైడరు మీద పడుకుని ఉన్న ఎర్రావు లేచింది. తొందర లేకుండా దిగి వచ్చి, కూడలి మధ్యలో నిలబడి, తల వంచింది. దాని వెనక ఇంకో రెండు. ఎర్రలైటును లెక్కచేయనివాళ్లు, ముసలాయనను నెట్టుకుని పోయినవాళ్లు, హారన్ మీద చెయ్యి తియ్యనివాళ్లు అందరూ ఇంజన్లు ఆపేసినారు. ఒకాయన చెప్పులు విడిచి దండం పెట్టినాడు కూడా. మేము చూస్తుండగానే పచ్చ పోయింది, పసుపు పడింది, ఎరుపు పడింది, మళ్లీ పచ్చ వచ్చింది. ఆవు మేస్తూనే ఉంది. దాని తల ఎటు తిరిగితే అటువైపు ట్రాఫిక్ ఆగింది, తోక ఉన్న వైపువాళ్లు కొంచెం కొంచెం కదిలినారు.

ఈలేసుకుంటూ కానిస్టేబుల్ వచ్చినాడు. "ఎవరు నిలిపింది?"

అందరి వేళ్లూ చిన్నాయన వైపే తిరిగినాయి.

"ఏంది సార్ ఇది? మీరు పెద్దవాళ్లు, చదువుకున్నోళ్ల మాదిరి ఉన్నారు. నడిరోడ్డు మీద నిలబడొచ్చునా?"

ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి ఎదురుగా నిలబడి ప్రశ్న అడిగితే ఏమవుతుంది? "బాబూ, మీ డిపార్ట్‌మెంటుకు ఈ స్తంభంతో ఎంత అనుబంధముందో తెలుసునా? లోకంలో మొట్టమొదటి సిగ్నల్‌ను 1868 డిసెంబరులో లండన్‌లో, వాళ్ల పార్లమెంటు దగ్గర పెట్టినారు. రైల్వే సిగ్నళ్లు చేసే ఇంజనీరు పెట్టినాడు. కరెంటు కాదు, గ్యాసు దీపాలు. పక్కన ఒక పోలీసు నిలబడి చేత్తో తిప్పాల. నెలరోజుల లోపలే, జనవరిలో, గ్యాసు లీకై పేలింది. పోలీసుకు గాయాలైనాయి."

కానిస్టేబుల్ తనకు తెలియకుండానే స్తంభానికి రెండడుగులు దూరం జరిగినాడు.

"భయం లేదు, ఇది కరెంటుదే. మూడు రంగుల లైటు కనిపెట్టింది కూడా మీ పోలీసే. 1920లో, అమెరికాలో, డెట్రాయిట్ ఊర్లో. విలియం పాట్స్ అని."

"మా వాడేనా!" కానిస్టేబుల్ మొహం వెలిగింది. మొదటిసారి లైటు కేసి పైకి చూసినాడు. చూసి, చుట్టూ ఉన్న హారన్లు చెవిలో పడి, మళ్లీ ఈ లోకంలోకి వచ్చినాడు. ఆవులను లాఠీతో మెల్లగా అదిలించి పక్కకు తోలినాడు. తోలి, చిన్నాయన వైపు తిరిగి చెయ్యి ఊపినాడు. "రాండి సార్, ముందు మీరు రాండి."

లైటు ఎర్రగా ఉంది.

చిన్నాయన కదల్లేదు. కానిస్టేబుల్ మళ్లీ ఊపినాడు, ఈసారి కొంచెం గట్టిగా. నాకు తెలుసు ఆయన మనసులో ఏం జరుగుతోందో. పుస్తకంలో ఆ మాట కూడా ఉంది. మనవరాలికి ఆయనే అప్పజెప్పించినాడు. కూడలిలో పోలీసు చేత్తో సైగ చేస్తుంటే లైటు ఏ రంగులో ఉన్నా ఆ చెయ్యే చెల్లుతుంది. నిలబడితే నియమం తప్పినట్టు, పోతే ఇంతసేపు దేని కోసం నిలబడినాడో అది పోయినట్టు. లైటు కేసి ఒకసారి, చెయ్యి కేసి ఒకసారి చూసి, నుదుటి చెమట తుడుచుకుని, మొహం ఆ పక్కకు తిప్పుకుని పెడల్ మీద కాలేసినాడు.

దాటేటప్పుడు వెనకనుంచి ఆటో డ్రైవరు అరిచినాడు. "సార్! రెడ్ పడింది సార్!"

పొద్దున పదిన్నరకు ఇంటికి చేరినాం. కవరు అడుగున రెండు గుప్పెళ్లు మిగిలినాయి. సోడాకు డబ్బులు నేనిచ్చినాను. చిన్నమ్మ ఉల్లిపాయలు తరుక్కుని, తిరగవాత వేసుకుని, నూనె కాచుకుని కూర్చోనుంది. జరిగిందంతా నేనే చెప్పినాను. చిన్నాయన గోడ కేసి చూస్తూ ఉన్నాడు.

"రేపట్నించి ఆ సైకిల్ వద్దు, ఏమొద్దు. షుగరుకు నడిస్తే చాలు" అంది చిన్నమ్మ.

"నడిచేవాళ్లకు మటుకు సిగ్నల్ లేదనుకున్నావా?" అన్నాడు చిన్నాయన, కొంచెం ప్రాణం వచ్చి. "వాళ్లకు వేరే లైటు ఉంటుంది. ఎర్రరంగులో నిలబడిన మనిషి బొమ్మ, పచ్చరంగులో నడిచే మనిషి బొమ్మ."

"మన సెంటర్లో ఆ మనిషి ఉన్నాడా?"

చిన్నాయన ఆలోచనలో పడ్డాడు. ఇన్నిసార్లు ఆ కూడలి దాటినాడు, ఎప్పుడూ గమనించినట్టు లేదు. కాసేపటికి లేచి, విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు.

"యాడికి ఇప్పుడు?" అంది చిన్నమ్మ.

"చూసొస్తా."

"చూసొచ్చేటప్పుడు బొరుగులు తీసుకురా. ఈసారి ఆటోలో రా."