గోడ మీద బోర్డు సరే, ఓచర్ల ఫైలు సంగతేంటి?

పైడిభీమవరం, రాజాం, బొబ్బిలి గ్రోత్ సెంటర్... ఇటు ఉత్తరాంధ్ర వైపు చాలా ఫ్యాక్టరీల్లో రిసెప్షన్ గోడకి ఫ్రేము కట్టిన కాగితం ఒకటి వేలాడుతుంటుంది. 'లంచం ఇవ్వం, పుచ్చుకోం', కింద ఎండీ గారి సంతకం. బాగుంది. ఇప్పుడు అకౌంట్స్ గదిలోకెళ్ళి పెట్టీ క్యాష్ (చిల్లర ఖర్చుల నగదు) ఓచర్ల ఫైలు తిప్పండి. 'సైటు ఖర్చులు 4,900'. 'ఆఫీసు పని మీద 4,900'. నాల్రోజులాగి 'లైజన్ 9,800', అంటే సర్కారు ఆఫీసుల్లో పని చేయించుకొచ్చిన ఖర్చట. అన్నీ ఒకే చేతిరాత, ఒకే పెన్ను, వెనక బిల్లు ముక్క లేదు.

ఆ అంకెలు ఊరికే రావు. 5,000 దాటితే రసీదుకి రెవెన్యూ స్టాంపు అంటించి, పుచ్చుకున్నవాడి సంతకం తీసుకోవాలి. ఒకరికి ఒక రోజులో 10,000 మించి నగదు ఇస్తే ఇన్‌కంట్యాక్స్‌లో ఆ ఖర్చు ఒప్పుకోరు. అందుకే ఈ గీతలకి ఒక్క మెట్టు కింద ఆగుతారు. లారీ కిరాయిలకైతే 35,000 దాకా వెసులుబాటుంది, కాబట్టి కొన్ని అకౌంటు పుస్తకాల్లో, అసలే లేని లారీలు కూడా తెగ తిరుగుతుంటాయి.

అడిగితే జవాబు సిద్ధంగా ఉంటాది. "ఏటి బాబూ, మనం కావాలని ఇస్తన్నామేటి? ఇవ్వకపోతే ఫైలు కదుల్తాదేటి?"

ఈ మాట చెల్లే రోజులు 2018 జూలైతో అయిపోయాయి. అవినీతి నిరోధక చట్టాన్ని ఆ ఏడాది సవరించాక ఇచ్చినవాడు కూడా సూటిగా ముద్దాయే, ఏడేళ్ళ దాకా జైలు. బలవంతం మీద ఇచ్చానంటే మినహాయింపు ఉంది గానీ దానికి గడువుంది: ఇచ్చిన ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్పాలి. ఆర్నెల్ల తర్వాత, ఆడిటర్ పట్టుకున్నాక 'బలవంతం చేశారండీ' అంటే కుదరదు. కంపెనీ తరఫున ఎవడు ఇచ్చినా, ఉద్యోగి కానక్కర్లేదు, ఏజెంటు ఇచ్చినా కంపెనీకి జరిమానా. తెలిసీ ఊరుకున్న డైరెక్టరుకి మూడేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ పార్ట్‌నర్‌షిప్ మీద నడిపేవాళ్ళు 'మాది కంపెనీ కాదు కదా' అనుకోవద్దు. ఆ సెక్షన్‌లో భాగస్వామిని కూడా డైరెక్టర్ కిందే లెక్కేస్తారని విడిగా రాసి మరీ పెట్టారు.

పెట్టీ క్యాష్ చిన్న బెడద. అసలు బెడద కన్సల్టెంటు బిల్లు. పొల్యూషన్ బోర్డు అనుమతికో, ఫైర్ ఎన్‌ఓసీకో ఒకాయన్ని పెట్టుకుంటారు. ఆయన ఒకే ఒక్క లైను బిల్లిస్తాడు: 'ప్రొఫెషనల్ చార్జీలు', దాని మీద 18 శాతం జీఎస్టీ. మనవాళ్ళు టీడీఎస్ కోసి ఆన్‌లైన్లో వేసేస్తారు. అంతా వైటే కదా అని ధీమా. వైటయితే ఏంటండీ? మూడో మనిషి ద్వారా ఇచ్చినా లంచమేనని చట్టంలోనే ఉంది. ఆ బిల్లు పాస్ చేసే ముందు నాలుగు కాగితాలు అడగాలి: పనేంటో రాసుకున్న అగ్రిమెంటు, సర్కారు ఫీజు కట్టిన చలానా విడిగా, దరఖాస్తు అందినట్టు నంబరు, ఆయన తయారు చేసిన డ్రాయింగో రిపోర్టో ఏదైతే అది. 'అనుమతి వచ్చాకే నా ఫీజు, ఎంతైందో అప్పుడు చెప్తా' అన్నాడంటే ఆ బేరం అక్కడే ఆపేయండి. ఫీజు ముందే చెప్పలేనివాడు ఎవరి వాటా ఎంతో తేలలేదని చెప్తున్నాడు.

ఇది చిన్న కంపెనీల గొడవ అనుకునేవాళ్ళకి కాగ్నిజెంట్ కేసు చాలు. చెన్నై క్యాంపస్ ప్లానింగ్ పర్మిట్ కోసం కాంట్రాక్టరు చేత 20 లక్షల డాలర్ల లంచం ఇప్పించి, ఆ సొమ్ముని నిర్మాణంలో అదనపు పనుల బిల్లుల కింద కలిపేశారని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ అభియోగం. 2019లో ఆ కంపెనీ రెండున్నర కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. పైడిభీమవరం నుంచి బయటి దేశాలకి మందులు పంపే యూనిట్లకి ఇది దూరపు కబురు కాదు. కొనేవాళ్ళు పంపే సప్లయర్ కోడ్‌లో (సరుకు అమ్మేవాళ్ళు పాటించాల్సిన నియమాల కాగితం) ఈ హామీలన్నీ ఉంటాయి. చదవకుండా సంతకం పెట్టి పంపేస్తాం. చిన్నచిన్న 'పని జరిపించే' చెల్లింపులకి అమెరికా చట్టం కాస్త సందు వదిలింది గానీ బ్రిటన్ చట్టంలో లేదు, మన చట్టంలో అసలే లేదు.

ఇంకోటి, మార్చి 31 రాత్రి విద్య. 'లైజన్' పద్దుని 'రిపేర్లు'గా మార్చేయడం. కంపెనీలకి 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి, ఆపడానికి వీల్లేదు. ఎవరు, ఏ తేదీన, ఏది ఏదిగా మార్చారో అంతా పడుతుంది. ఆపి ఉంచితే ఆడిటర్ తన రిపోర్టులో రాయాల్సిందే. దాచడానికి చేసిన మార్పే సాక్ష్యమవుతుంది.

పండగ కానుకల దగ్గర మాత్రం మరీ చాదస్తం అక్కర్లేదు. సిరిమానోత్సవానికి కమిటీ పేరున బ్యాంకులో చందా వేసి రసీదు తెచ్చుకుంటే అది చందాయే. సంక్రాంతికి ఆఫీసర్ గారింటికి వెళ్ళే జీడిపప్పు డబ్బాలో కవరుంటే అది చందా కాదు. ఎవరికి, ఎంత విలువ, ఎవరు సరే అన్నారు అని మూడు గళ్ళ రిజిస్టరు పెడితే డబ్బాలు వాటంతటవే తగ్గిపోతాయి.

నిజంగానే ఫైలు తొక్కిపట్టి అడిగితే? దరఖాస్తు సింగిల్ డెస్క్‌లో (పరిశ్రమల అనుమతులకి సర్కారు పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్) వేసి నంబరు దాచుకోండి. ఆలస్యమైతే రిజిస్టర్డ్ పోస్టులో రిమైండరు, తర్వాత ఆర్టీఐ. నోటితో అడిగిన మొత్తం, తేదీ, పేరు అదే రోజు రాసి పెట్టుకోండి. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్ళు రసాయన పొడి పూసిన నోట్లు ఇచ్చినవాడి మీద కేసు ఉండదు, ఆ రక్షణ చట్టంలోనే ఉంది. ట్రాప్ అయ్యాక పదేళ్ళు అదే ఆఫీసు చుట్టూ తిరగాలి కదా అన్న భయం అబద్ధమని నేనను. దానికి చట్టం దగ్గర మందు లేదు.

క్యాషియర్లకి, జూనియర్ అకౌంటెంట్లకి ఒక్క మాట. కేసయితే మొదట పిలిచేది ఓచరు మీద సంతకం ఉన్నవాణ్ణే, ఎండీని కాదు. నోటిమాట మీద డబ్బు తీయకండి. కనీసం 'మీరు చెప్పిన 9,800 ఇచ్చాను సార్, దేనికని రాయమంటారు?' అని ఆ సాయంత్రమే మెయిలు పెట్టండి. చాలామంది సార్లు ఆ మెయిలుకి జవాబివ్వరు. రెండోసారి అడగరు కూడా.